డ్యూటీ అయిపోతోంది, ఎంట్రీ అయిపోవడం లేదు. మీ హాస్పిటల్లో ఎలా ఉంది?

కృష్ణలంక_సిస్టర్ రాశారు:

అందరికీ నమస్తే. విజయవాడలో ప్రైవేటు హాస్పిటల్, జనరల్ మెడిసిన్ వార్డు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి చాలా ఏళ్లైంది, కొత్తగా చేరినదాన్ని కాదు. మా దగ్గర వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి), నర్సెస్ నోట్స్, ఇంటేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క), మందుల చార్టు అన్నీ కంప్యూటర్లోకి మార్చారు. మార్చారు అంటే కంప్యూటర్ వచ్చింది, కాగితం పోలేదు.

ఒక బీపీ ఎన్ని చోట్లకి వెళ్తుందో చెప్తాను. బెడ్ దగ్గర చూసి చీటీ మీద రాసుకుంటాను, సిస్టమ్ నర్సింగ్ స్టేషన్లో ఉంటుంది కాబట్టి. వార్డంతా తిరిగొచ్చాక ఫైల్లో టీపీఆర్ షీట్ (జ్వరం, నాడి, శ్వాస రాసేది) మీద ఎక్కిస్తాను, రౌండ్స్‌కి వచ్చే పెద్ద డాక్టర్ గారు ఫైలే చూస్తారు కాబట్టి. తర్వాత కంప్యూటర్లో, అది క్వాలిటీ వాళ్లు చూస్తారు. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ పుస్తకంలో మళ్లీ. నైట్‌కి ముప్పై పడకలకి ఇద్దరం ఉంటాం. ఇక మీరే లెక్క వేసుకోండి.

నేను కంప్యూటర్‌కి వ్యతిరేకిని కాదు. ఇంట్లో కరెంటు బిల్లు నుంచి పాప ఫీజు దాకా ఫోన్లోనే కడతాను. కానీ మీటింగులో ఈ మాట ఎత్తితే "సిస్టర్లకి మార్పు ఇష్టం ఉండదు" అని నవ్వేశారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. మిగతా చోట్ల ఎలా ఉంది? ఎక్కడైనా కాగితం నిజంగా పోయిందా?

పద్మ_ఐసీయూ రాశారు:

అక్కా, నేను హైదరాబాద్‌లో ఐసీయూలో చేస్తాను. మా దగ్గర చాలావరకు పోయింది, నేనైతే వెనక్కి వెళ్లమన్నా వెళ్లను. మానిటర్ నుంచి హార్ట్ రేటు, బీపీ, శాచురేషన్ నేరుగా చార్టులోకి వస్తాయి. నేను చూసి సరే అని నొక్కితే చాలు. ఇంతకుముందు మంచం అంత ఫ్లో షీట్ ఉండేది గుర్తుందా, గంట గంటకీ గడి నింపడం, తెల్లారి ఆరింటికి ఇంటేక్ అవుట్‌పుట్ మొత్తం కూడడం, కూడిక తప్పితే మళ్లీ మొదటి నుంచి! ఇప్పుడు టోటల్ అదే వస్తుంది. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా ఆరు దాటితే ల్యాబ్ ఫోన్ కోసం కాచుకోనక్కర్లేదు, స్క్రీన్ మీదే ఎర్రగా కనబడుతుంది.

ఇంకో మాట. డాక్టర్ల చేతిరాత. ఇన్సులిన్ పది యూనిట్లని 10 పక్కన ఇంగ్లిష్ యు అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి 100 అయ్యే ప్రమాదం ప్రపంచమంతా ఉన్నదే. అమెరికాలో హాస్పిటళ్లకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి రాతల జాబితా పెట్టినప్పుడు ఆ యు అందులో ఉంది. మన దగ్గర కూడా 2016లో మెడికల్ కౌన్సిల్ మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని నోటిఫికేషన్ ఇచ్చింది. ఎవరు రాశారు? టైప్ చేసిన ఆర్డర్‌కి ఆ బాధ లేదు. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌ని లేపి "సార్, ఇది ఏం మందు" అని అడిగి తిట్లు తినడం తప్పింది.

కృష్ణలంక_సిస్టర్ రాశారు:

పద్మా, నీకు ఒకరో ఇద్దరో పేషెంట్లు, ప్రతి బెడ్ దగ్గరా మానిటర్, పక్కనే కంప్యూటర్. మాకు డిజిటల్ బీపీ మెషీన్ వార్డుకి రెండు, అందులో ఒకదాని కఫ్ లీకు. నీకొచ్చింది, మాకొచ్చింది ఒకే వస్తువు కాదమ్మా.

బ్రదర్_రవి రాశారు:

సిస్టర్ గారు చెప్పింది కరెక్టు. నేను రెండు చోట్లా చేశాను, ముందు క్రిటికల్ కేర్, ఇప్పుడు సర్జికల్ వార్డు. వార్డులో అసలు టెన్షన్ రాయడం కాదు, టైము.

ఉదయం ఎనిమిది గంటల మందులు అనుకోండి. పాతిక మందికి ఇవ్వాలి. ఒకాయన బాత్రూంలో ఉంటాడు, ఒకామె టిఫిన్ తినకుండా వేసుకోనంటుంది, ఒకరి చేతికున్న క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) బయటికొచ్చి ఉంటుంది, మళ్లీ వేయాలి. ఈ లోపు ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్, పేషెంట్‌ని పంపమని. నేను మందు ఇచ్చింది ఎనిమిదీ పదికి, సిస్టమ్ ముందు కూర్చునేసరికి పదిన్నర. అప్పుడు ఎంట్రీ చేస్తే ఆ గడి ఎర్రగా వస్తుంది, "లేట్" అని. ఇచ్చిన టైము మార్చి రాయొచ్చు, కానీ ఎంట్రీ చేసిన టైము వెనకాల అలాగే ఉంటుంది. నెలాఖరున ఆడిట్‌లో ఆ ఎరుపు గడులు లెక్కపెట్టి ఇన్‌చార్జ్‌ని పిలుస్తారు. ఇన్‌చార్జ్ మమ్మల్ని పిలుస్తుంది.

దాని ఫలితం ఏమవుతుందో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఏడున్నరకే కూర్చుని అందరికీ "ఇచ్చాను" అని కొట్టేసి, తర్వాత ట్రాలీ తీసుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. స్క్రీన్ అంతా పచ్చగా ఉంటుంది. వాంతులవుతున్నాయని పేషెంట్ మందు వేసుకోకపోతే? చార్టులో మాత్రం వేసుకున్నట్టే. కాగితం రోజుల్లోనూ ఇది ఉంది, కాదనను. కానీ ఎర్ర గడి భయం దీన్ని పెంచింది.

సత్యవతి_రిటైర్డ్ రాశారు:

పిల్లలూ, మీ మాటలు చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. నేను ప్రభుత్వ హాస్పిటల్లో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను.

కాగితం రోజులు బంగారు రోజులని ఎవరూ అనుకోవద్దు. రిపోర్ట్ బుక్, ఇండెంట్ బుక్, డైట్ రిజిస్టర్, అడ్మిషన్ రిజిస్టర్, ఇన్వెంటరీ, మత్తుమందుల రిజిస్టర్, లినెన్ పుస్తకం, చాకలికి వేసిన దుప్పట్ల లెక్క కూడా సిస్టరే రాయాలి. ఒక దుప్పటి తక్కువైతే జీతంలో కోత. పగలు నీలం సిరా, రాత్రి ఎర్ర సిరా. పొద్దున్నే మేట్రన్ గారు రౌండ్‌కి వస్తే రిపోర్ట్ బుక్ చూసి అక్షరం బాగాలేదని కూడా అనేవారు. నర్సు పేషెంట్ దగ్గర కంటే పుస్తకం దగ్గర ఎక్కువసేపు ఉంటోందన్న మాట కంప్యూటర్‌తో పుట్టింది కాదు.

అయితే ఒక్కటి చెప్తాను. టీపీఆర్ షీట్ మీద చుక్కలు పెట్టి గీత కలిపేవాళ్లం కదా, ఆ గీత చూస్తే జ్వరం ఏ రకమో దూరం నుంచే తెలిసేది. టైఫాయిడ్ అయితే రోజురోజుకీ మెట్టు మెట్టుగా ఎక్కేది. మలేరియా అయితే ఎక్కి దిగి ఎక్కేది. జ్వరం తగ్గుతోంది, నాడి మాత్రం పెరుగుతోంది అంటే ఆ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటేవి, మా గుండె జల్లుమనేది. మంచం చివర వేలాడే షీట్ అది, పెద్ద డాక్టర్ చూసేది అదే, చదువుకునే పిల్ల చూసేది అదే. మొన్న మా మేనకోడలి వార్డులో చూశాను, కంప్యూటర్లో అంకెలు వరసగా ఉన్నాయి. గ్రాఫ్ ఉందట, దానికి నాలుగు చోట్ల నొక్కాలట. ఎవరు నొక్కుతారు?

కాగితం కావాలని నేను అనను. ఆ గీత కావాలి. అది మొదటి స్క్రీన్ మీద కనబడాలి.

పద్మ_ఐసీయూ రాశారు:

మేడమ్, మీరు చెప్పిన గీతలు దాటడం మా ప్రొఫెసర్ ఇప్పటికీ బోర్డు మీద గీసి చెప్తారు. మీ పోస్ట్ మా జూనియర్లకి పంపాను.

జిల్లా_స్టాఫ్‌నర్స్ రాశారు:

ప్రభుత్వ వైపు నుంచి నేనొక మాట. తెలంగాణలో జిల్లా ఆస్పత్రి. మా దగ్గర డిజిటల్ అంటే గేటు దగ్గరే. ఓపీ కౌంటర్ ముందు క్యూఆర్ కోడ్ ఉంటుంది, జనం ఫోన్‌తో స్కాన్ చేసి టోకెన్ తీసుకుంటారు, ఆభా (ఆరోగ్య గుర్తింపు) నంబర్ తీస్తారు, ఆ పద్నాలుగు అంకెలది. 2021 సెప్టెంబర్‌లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైనప్పటి నుంచి ఈ నంబర్ల హడావుడి పెరిగింది. ఫోన్ లేని ముసలమ్మలకి మేమే చేసిపెట్టాలి, ఓటీపీ కొడుకు ఫోన్‌కి వెళ్తుంది, కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటాడు.

వార్డులోకి వస్తే అదే కేస్ షీట్, అదే పెన్ను. ఒక కంప్యూటర్ ఉంది, హెడ్ సిస్టర్ గదిలో, తాళం వేసి. ఆరోగ్యశ్రీ కేసైతే మళ్లీ కథ వేరు. ఆ పథకం 2007లో మొదలైనప్పటి నుంచే ఆన్‌లైన్. కానీ ఆన్‌లైన్ అంటే మేం కాగితం మీద రాసింది ఇంకొకరు స్కాన్ చేసి ఎక్కించడం. కాబట్టి కాగితం ఇంకా పక్కాగా ఉండాలి. ఒక పూట వైటల్స్ గడి ఖాళీగా ఉంటే ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర పరిగెత్తుకుంటూ వస్తాడు, "సిస్టర్, ఇది నింపండి" అని. మూడు రోజుల కిందటి బీపీ ఇప్పుడు ఎక్కడి నుంచి తేవాలి?

మీరు రెండుసార్లు రాస్తున్నామని బాధపడుతున్నారు. మాకు ఒక్కసారి రాయడానికే మనుషులు లేరు.

ఎంఆర్‌డీ_శ్రీను రాశారు:

నేను నర్సుని కాదు, మెడికల్ రికార్డ్స్ విభాగంలో పని. సిస్టర్లు నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటారు, "సంతకం లేదు, టైము లేదు" అని ఫైళ్లు వెనక్కి పంపేది నేనే కాబట్టి. కాగితం ఎందుకు పోవడం లేదో ఈ పక్క నుంచి చెప్తాను.

మేనేజ్‌మెంట్‌లో చాలామంది నమ్మకం ఏంటంటే, కోర్టులో కాగితమే చెల్లుతుందని. అది నిజం కాదు. ఐటీ చట్టం 2000లోనే ఎలక్ట్రానిక్ రికార్డుకి చట్టబద్ధత వచ్చింది. సాక్ష్యంగా పెట్టాలంటే ఇంతకుముందు పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం, 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద ఇవ్వాలి. ఆరోగ్య శాఖ ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలు 2013లో ఇచ్చింది, 2016లో సవరించింది. హాస్పిటళ్లకి నాణ్యత గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ 2023లో డిజిటల్ హెల్త్‌కి వేరే ప్రమాణాలే పెట్టింది. ఎవరూ కాగితం కూడా ఉంచండి అని కట్టడి చేయలేదు.

మరి భయం ఎక్కడ? ఎమ్మెల్సీ (మెడికో లీగల్, అంటే పోలీసులకి చెప్పాల్సిన) కేసుల్లో పోలీసులు వచ్చి ఒరిజినల్ ఫైల్ అడుగుతారు. ఇన్సూరెన్స్ వాళ్లు సంతకం, స్టాంపు ఉన్న కాపీ అడుగుతారు. పేషెంట్ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. కంప్యూటర్ నుంచి ప్రింట్ తీసి సర్టిఫై చేసి ఇవ్వొచ్చు, కానీ ఆ ప్రింట్ చూశారా? ఐదు రోజుల అడ్మిషన్‌కి రెండు వందల పేజీలు వస్తుంది, అందులో సగం ఖాళీ ఫారాలు. పెద్దలు అది చూసి "ఫైల్ కూడా ఉండనివ్వండి" అంటారు. ఆ "కూడా" సిస్టర్ల మీద పడుతుంది.

కృష్ణలంక_సిస్టర్ రాశారు:

శ్రీను గారూ, ఇంతకాలం మాకు ఎవరూ ఇలా చెప్పలేదు. చట్టం ఒప్పుకోదు అనే అంటూ వచ్చారు. ఈ సెక్షన్ నంబర్లు రాసుకున్నాను.

ఇంగ్లండ్_మేరీ రాశారు:

హలో అందరికీ. మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ హాస్పిటల్లో. ఇక్కడ వైటల్స్ చేతిలో ఉన్న చిన్న పరికరంలో బెడ్ పక్కనే ఎక్కిస్తాం. ఎక్కించగానే న్యూస్ టూ స్కోర్ అదే వేస్తుంది. అంటే శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం ఆరింటికీ మార్కులు వేసి మొత్తం చెప్పే స్కోర్, రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో సవరించి ఇచ్చింది. ఐదుకి చేరితే డాక్టర్‌ని పిలవాలి, ఏడుకి చేరితే పరుగే. కొత్తగా చేరిన పిల్ల కూడా "ఎందుకో బాగాలేదనిపిస్తోంది సార్" అని నసగక్కర్లేదు, "స్కోర్ ఏడు" అంటే చాలు, కదులుతారు. కంప్యూటర్ వల్ల నర్సు మాటకి బలం వచ్చిన చోటు ఇది, నాకు బాగా నచ్చినది.

ఇక నచ్చనిది. వైటల్స్‌కి ఒక సిస్టమ్, మందులకి ఒకటి, రక్తపరీక్షలకి ఇంకొకటి, పాత నోట్స్‌కి వేరేది. పాస్‌వర్డులు మర్చిపోవడమే ఒక రోగం. జారిపడే ప్రమాదం, ఒత్తిడి పుండ్లు, పోషకాహారం, మంచం రెయిలింగ్... ప్రతి అడ్మిషన్‌కీ ఫారం మీద ఫారం. పదహారేళ్ల కుర్రాడు అపెండిక్స్‌కి వస్తే వాడికీ అన్నీ నింపాలి. ఎవరో ఎక్కడో పడ్డారని కొత్త ఫారం పెడతారు, పాతది మాత్రం తీయరు.

ఇంకో సంగతి, నవ్వకండి. ఇంత డిజిటల్ దేశంలో కూడా ప్రతి నర్సు జేబులో మడతపెట్టిన హ్యాండోవర్ కాగితం ఉంటుంది. దాని మీద పెన్నుతో గీతలు, టిక్కులు. డ్యూటీ దిగేటప్పుడు అది గోప్యత డబ్బాలో పారేయాలి. ఆ కాగితం లేకుండా డ్యూటీ చేసేవాళ్లని నేనింకా చూడలేదు. మెదడు పని చేసేది దాని మీదే. కాబట్టి, కృష్ణలంక అక్కా, మీ చీటీ గురించి సిగ్గుపడకండి.

కొలిమి_కోడ్ రాశారు:

నేను హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో డెవలపర్‌ని. తిట్టుకోండి, విన్నాకే రాస్తున్నాను.

మన దేశంలో చాలా హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లు పుట్టింది బిల్లింగ్ నుంచి, ఫార్మసీ స్టాకు నుంచి. తర్వాత ల్యాబ్ చేరింది. నర్సింగ్ స్క్రీన్ చివర్లో అతికించారు. అందుకే మీరు ఒక సిరంజి వాడితే అది బిల్లుకి ఎక్కిందా లేదా అన్నది స్క్రీన్ గట్టిగా అడుగుతుంది, పేషెంట్‌కి నొప్పి తగ్గిందా అన్నది నాలుగో ట్యాబ్‌లో ఉంటుంది. కొనేది మేనేజ్‌మెంట్. డెమోకి వచ్చేది ఎండీ గారు, ఫైనాన్స్ వాళ్లు, ఒకరిద్దరు డాక్టర్లు. ఆ గదిలో నేను స్టాఫ్ నర్సుని చూసింది చాలా తక్కువ.

మీరు చెప్పండి, నాకు అధికారం తక్కువే, అయినా రాసి పంపుతాను.

బ్రదర్_రవి రాశారు:

మంచిది తమ్ముడూ. మొదటిది, నన్ను పది నిమిషాలకే లాగౌట్ చేయకు. పేషెంట్ పిలిస్తే లేచి వెళ్తాం, తిరిగొస్తే సగం రాసిన నోట్ పోయి ఉంటుంది. అందుకే వార్డులో ఒకరు పొద్దున లాగిన్ అయితే షిఫ్ట్ అంతా అదే లాగిన్ మీద నలుగురూ రాస్తారు. రేపు ఏదైనా జరిగితే పేరు ఎవరిది?

రెండోది, గ్లోవ్స్‌తో ట్యాబ్ తగలదు. తగిలినా మధ్యాహ్నానికి ఛార్జింగ్ ఉండదు.

పద్మ_ఐసీయూ రాశారు:

రవి అన్నా, లాగిన్ మాట ఎత్తారు కాబట్టి అసలు పుండు గురించి నేనే చెప్తాను. ఆర్డర్లు డాక్టర్లు ఎక్కించాలి. సిస్టమ్ ఉద్దేశం అదే, డాక్టర్ టైప్ చేస్తాడు, మందు పడకపోతే హెచ్చరిక ఆయనకే కనబడుతుంది, ఆయన ఆలోచిస్తాడు. జరిగేదేమిటి? కన్సల్టెంట్ గారు రౌండ్స్‌లో నోటితో చెప్తారు, లేదా వాట్సాప్ గ్రూపులో పెడతారు. "సిస్టర్, నా లాగిన్‌లో పెట్టేయండి." పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద రాసి మానిటర్ కింద అంటించి ఉంటుంది. ఎలర్జీ హెచ్చరిక నాకు వస్తుంది. నేను ఆ మందు ఆపగలనా? ఓకే నొక్కుతాం.

ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌కి పద్ధతి ఉంది. విని, రాసి, తిరిగి చదివి వినిపించి, మన పేరుతో "ఫోన్ ఆర్డర్" అని పెట్టి, ఆ తర్వాత డాక్టర్ సంతకం చేయాలి. మా యూనిట్లో కొత్త ఇన్‌చార్జ్ వచ్చాక ఒక్కటే రూల్ పెట్టారు: నర్సు ఎవరి లాగిన్‌లోనూ ఆర్డర్ పెట్టదు. మొదట్లో గొడవలయ్యాయి. ఒక పెద్దాయన రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన జూనియర్ రౌండ్స్‌లోనే ల్యాప్‌టాప్ పట్టుకుని తిరుగుతాడు. సాఫ్ట్‌వేర్‌లో మార్చింది ఏమీ లేదు.

అందుకే నేను కంప్యూటర్‌ని తిట్టను. డాక్టర్ పని గుమస్తా పని అయి మన ఒళ్లో పడుతోంది, దాన్ని తిడతాను.

వేచి_ఉన్న_కొడుకు రాశారు:

నేను నర్సుని కాదు, ఈ చర్చ గూగుల్‌లో దొరికింది. మా నాన్నగారు తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నారు. ఒక్కటే చెప్పాలనుంది. సిస్టర్ గారు చక్రాల కంప్యూటర్ తోసుకుని వచ్చి, దాని వైపు చూస్తూనే "నొప్పి ఎంత, సున్నా నుంచి పదికి" అని అడిగేవారు. నాన్నకి అర్థం కాలేదు, "బాగానే ఉందమ్మా" అన్నారు. సున్నా అని కొట్టి వెళ్లారు. ఆయన రాత్రంతా మూలిగారు.

కృష్ణలంక_సిస్టర్ రాశారు:

తమ్ముడూ, నాన్నగారు ఇప్పుడు బాగున్నారని అనుకుంటున్నాను. మీరు రాసింది చదివి కోపం రాలేదు. మన పెద్దవాళ్లు నొప్పికి అంకె చెప్పరు, మొహంలో చెప్తారు, పక్కకి తిరిగేటప్పుడు చెప్తారు. అది చూడాలంటే స్క్రీన్ మీద నుంచి కళ్లు తీయాలి. ఆ గడి నింపకపోతే స్క్రీన్ ముందుకి వెళ్లదు, అందుకని అంకె అడుగుతాం. కొలిమి_కోడ్ గారూ, ఇది కూడా మీ జాబితాలో రాసుకోండి.

ఏఎన్ఎం_అక్క రాశారు:

నేను హాస్పిటల్ కాదు, సబ్ సెంటర్. అయినా ఒక మాట. ఆంధ్రాలో అన్‌మోల్ ట్యాబులు 2016లో ఇచ్చినప్పుడు ఇక రిజిస్టర్లు ఉండవన్నారు. గర్భిణీలకి ఒక యాప్, టీకాలకి ఒకటి, బీపీ షుగర్ సర్వేకి ఒకటి, టీబీకి ఒకటి, హాజరుకి ముఖం చూపించేది ఒకటి. రిజిస్టర్లు అలమారలోనే ఉన్నాయి, రాస్తూనే ఉన్నాం. మీకు వార్డులో వైఫై అన్నా ఉంది. నేను సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు దగ్గరికి వెళ్తాను.

జిల్లా_స్టాఫ్‌నర్స్ రాశారు:

అక్కా 🙏

సత్యవతి_రిటైర్డ్ రాశారు:

సర్వర్ ఆగిపోతే ఏం చేస్తారు పిల్లలూ? ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబర్‌లో సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు దాదాపు రెండు వారాలు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ చేత్తోనే నడిపారని పేపర్లలో చదివాను. ఈ తరం పిల్లలకి కాగితం మీద డ్రగ్ చార్ట్ గీయడం వస్తుందా?

ఇంగ్లండ్_మేరీ రాశారు:

మేడమ్, మా దగ్గర 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చి చాలా ఎన్‌హెచ్‌ఎస్ హాస్పిటళ్లు ఆపరేషన్లు కూడా వాయిదా వేశాయి. ఇప్పుడు ప్రతి వార్డులో ఒక డౌన్‌టైమ్ ఫోల్డర్ ఉంటుంది, ఖాళీ చార్టులతో. ఏడాదికోసారి ప్రాక్టీస్ చేయిస్తారు. అలాంటి కాగితం ఉండాల్సిందే. అది అత్యవసరానికి దాచిన కాగితం, రోజూ రెండోసారి రాసే కాగితం కాదు.

ఇంకో సంగతి కొలిమి_కోడ్ గారి కోసం. పేషెంట్ చేతి పట్టీ మీద బార్‌కోడ్ స్కాన్ చేసి మందు ఇచ్చే పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా ఉంది కదా. అది ఇంజినీర్ బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం టొపీకాలోని మాజీ సైనికుల హాస్పిటల్లో స్యూ కిన్నిక్ అనే నర్సు, 1992లో అద్దె కారు తిరిగి ఇస్తుంటే అక్కడివాడు చేతి పరికరంతో కారు బార్‌కోడ్ స్కాన్ చేయడం చూసి, కారుకి చేయగలిగింది మందుకి ఎందుకు చేయలేం అని అడిగింది. ఆ తర్వాత కొన్నేళ్లకి అది దేశంలోని మాజీ సైనికుల హాస్పిటళ్లన్నిటికీ వెళ్లింది.

బ్రదర్_రవి రాశారు:

అదే బార్‌కోడ్ గురించి 2008లో వచ్చిన అమెరికా అధ్యయనం కూడా చదవాలి. నర్సులు స్కానింగ్‌ని దాటవేసే అడ్డదారులు 15 రకాలు, వాటికి కారణాలు 31 అని తేల్చారు. పట్టీల కాపీలు ముద్రించుకుని వేరేచోట అంటించుకుని అక్కడే స్కాన్ చేయడం కూడా అందులో ఉంది. ఆ కారణాల్లో బద్ధకం కంటే చినిగిన బార్‌కోడ్, తడిసిన పట్టీ, అయిపోయిన బ్యాటరీ, అందని వైర్‌లెస్ ఇలాంటివే. మంచి ఆలోచన కూడా బ్యాటరీ దగ్గర ఆగిపోతుంది.

కొలిమి_కోడ్ రాశారు:

అన్నీ రాసుకున్నాను. గ్రాఫ్ మొదటి స్క్రీన్ మీదకి తేవడం, సగం రాసిన నోట్ దాచి ఉంచడం ఈ రెండూ నా చేతిలో ఉన్నవే, వచ్చే వెర్షన్‌లో అడుగుతాను. తప్పనిసరి గడులు తీయడం నా చేతిలో లేదు, అవి హాస్పిటల్ క్వాలిటీ వాళ్లు పెట్టించుకున్నవి. రవి అన్నా, లేట్ ఎంట్రీకి ఎరుపు రంగు కూడా వాళ్లు అడిగితేనే పెట్టాం. రంగు తీసి, మందు ఇచ్చిన టైమునే పెద్దగా చూపించే సెట్టింగ్ ఉంది. మీ వాళ్లు అడగాలి, అంతే.

బ్రదర్_రవి రాశారు:

సెట్టింగ్ ఉందా!! ఇన్నాళ్లూ ఆ ఎర్ర గడులకి నైట్ డ్యూటీలు చేసినన్ని సంజాయిషీలు రాశాం కదయ్యా.

ఎంఆర్‌డీ_శ్రీను రాశారు:

కృష్ణలంక సిస్టర్ గారికి, పనికొచ్చేది ఒకటి. మా దగ్గర కాగితం కొంత తగ్గింది, అది ఎలా జరిగిందో చెప్తాను. ఒక వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ గొడవ పెట్టుకోలేదు. రెండుసార్లు రాసే ప్రతి విషయం ఒక పట్టికలో రాసుకొచ్చారు: ఏది, ఎక్కడెక్కడ రాస్తున్నాం, ఆ రెండో కాపీని ఎవరు చూస్తున్నారు. చివరి గడి దగ్గర అందరూ నోరు మూసుకున్నారు. టీపీఆర్ షీట్ కన్సల్టెంట్లు చూస్తారు కాబట్టి, రౌండ్స్‌కి ముందు సిస్టమ్ నుంచి గ్రాఫ్ ప్రింట్ తీసి ఫైల్లో పెడదాం అన్నారు, చేతితో రాయడం ఆగింది. ఇంటేక్ అవుట్‌పుట్ షీట్ ఎవరూ చూడటం లేదని తేలింది, అది పోయింది. మందుల చార్టు మాత్రం ఇంకా రెండు చోట్లా ఉంది, దాని మీద సంతకం చేసి ఒప్పుకునే ధైర్యం ఎవరికీ రాలేదు. సమ్మతి పత్రాలు కాగితమే, అవి అలాగే ఉంటాయి.

కృష్ణలంక_సిస్టర్ రాశారు:

ఆ మూడో గడి బాగుంది శ్రీను గారూ. హ్యాండోవర్ పుస్తకం ఎవరు చూస్తారో నాకు తెలుసు, మేమే. కాబట్టి అది ఉంచుకుంటాం, మేరీ జేబు కాగితంలా. మిగతావి రాసి చూస్తే ఎవరి పేరు రాయాలో తెలియనివి రెండు కనబడుతున్నాయి ఇప్పటికే. మా ఇన్‌చార్జ్‌తో మాట్లాడాను, నెలవారీ క్వాలిటీ మీటింగుకి ఇద్దరం వెళ్తున్నాం. మీ దగ్గర ఉన్న పట్టిక నమూనా, హాస్పిటల్ పేరు తీసేసి, పెట్టగలరా?

ఎంఆర్‌డీ_శ్రీను రాశారు:

రేపు ఆఫీసులో చూసి పెడతాను. మా సిస్టర్ గారిని అడిగి.

కొత్త_బీఎస్సీ రాశారు:

అక్కలూ అన్నలూ, నేను ఈ నెలే చేరాను. మా దగ్గర వచ్చే నెల నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ అంట. ట్రైనింగ్ డ్యూటీ టైములో ఇస్తారా?

పద్మ_ఐసీయూ రాశారు:

నైట్ డ్యూటీ దిగిన పొద్దున పిలుస్తారు, ఏసీ గదిలో కూర్చోబెడతారు, సగం మంది నిద్రపోతారు. ముందే అడగమ్మా, డ్యూటీ లెక్కలో వేస్తారా అని. అందరూ కలిసి అడగండి. ఇంకా, వార్డుకి ఒకరిని "సూపర్ యూజర్" (మిగతావాళ్లకి నేర్పే మనిషి) అని పెడతామంటారు, ఎక్స్‌ట్రా పేషెంట్లు లేకుండా మొదటి రెండు వారాలు ఆ మనిషిని ఖాళీగా ఉంచితేనే ఒప్పుకోండి.

బ్రదర్_రవి రాశారు:

ఆ సూపర్ యూజర్ నువ్వే అవుతావు చూడు, చిన్నదానివి, ఫోన్ బాగా వాడతావు అంటారు. 😀